రెండక్షరాల పేరు

పోయిన నెల హుజూర్‌నగర్ అవతల ఒక ఊరికి వెళ్లి వచ్చాను. డిగ్రీ చదివేటప్పుడు నల్లగొండలో నాతో ఒకే గదిలో ఉన్న రూతు వాళ్ల నాయిన చనిపోయాడు. ఆయన జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టుకున్నారని ఫోనుకు ఒక కార్డు వచ్చింది. దాని కింద రూతు "వీలైతే రా" అని రాసింది. ఏళ్ల తరబడి మాటల్లేని మనిషి నుంచి వచ్చినవి ఆ రెండే మాటలు. పోయి వచ్చిన దగ్గర్నుంచి పని మీద మనసు నిలవడం లేదు. నాకు ముప్పై దాటి ఎంతో కాలేదు, ఈ వయసుకే జ్ఞాపకాలు రాసుకోవడమేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. హైదరాబాదులో ఒక గది కిరాయికి తీసుకొని, పొద్దంతా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, ఎవరెవరో మాట్లాడిన వీడియోలను కత్తిరించి అతికించి బతికే ఆడమనిషిని నేను. నాతో మాట్లాడేవాళ్ల కంటే నేను మాటలు కోసేసినవాళ్లే ఎక్కువ. ఇట్లా ఉండేవాళ్లకు జ్ఞాపకాలు కొంచెం తొందరగానే వస్తాయి.

మాది రామన్నపేట దగ్గర పద్మశాలీల ఇల్లు. ఇల్లంటే ముందర్రలో గుంటమగ్గం, వెనక అర్రలో మేము. మగ్గానిదే పెద్ద జాగా. నేల తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకొని బాపు నేసేవాడు, గోడవార అమ్మ ఆసు పోసేది. ఆసు పోయడమంటే దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ పోవడం. ఒక్క చీరకు చెయ్యి ఎన్ని వేలసార్లు ఊగాలో లెక్క పెట్టుకుంటే చెయ్యి లేవదని అమ్మ లెక్క పెట్టేది కాదు. సాయంత్రానికి ఆమె రెక్కకు అవ్వ, మా నాయనమ్మ, నూనె రాసి పిసికేది, రాస్తున్నంతసేపూ బాపును తిట్టేది. రంగు కాగుతున్న వాసన, గంజి వాసన, దారం కట్టడానికి చీల్చిన సైకిల్ ట్యూబు రబ్బరు వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. బాపు మొదట గళ్ల కాగితం మీద గడి గడికీ చుక్క పెట్టి చిలకనో ఏనుగునో గీసేవాడు. ఆ లెక్క ప్రకారం దారాలకు రబ్బరు ముక్కలు బిగించి రంగులో ముంచేవారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఎంత బిగించి కట్టినా అంచున రవ్వంత రంగు దూరుతుంది, అందుకే నేసిన బొమ్మ అంచు కొంచెం చెదిరినట్టుంటుంది. చూసేవాళ్లు అదే అందమంటారు. బాపుకు మాత్రం అది జీవితాంతం మిగిలిన కోపం. "అంచు చెదిరిందంటే కట్టుడు సక్కగ లేదన్నట్టే బిడ్డా" అనేవాడు.

నల్లగొండలో మేమున్న గది మేడ మీద ఉండేది. ఎండాకాలం రేకుల కింద రొట్టెల్లా కాలేవాళ్లం. పొద్దున్నే రూతు పెనమంత నల్లబడ్డ గిన్నెలో అన్నం వండేది, నేను పచ్చిపులుసు కలిపేదాన్ని. ఆమె తినేముందు కళ్లు మూసుకొని ప్రార్థన చేసేది. ఆమె కళ్లు తెరిచేలోపు నేను నాలుగు ముద్దలు మింగేసేదాన్ని. "ఆమెన్ అననియ్యవా తల్లీ" అని నవ్వేది. ఆమె వాళ్ల నాయిన రైసు మిల్లులో బస్తాలు మోసే హమాలీ. నెలకోసారి బియ్యం మూటతో వచ్చేవాడు, గదిలోకి రాకుండా మెట్ల మీదే కూర్చొని మంచినీళ్లు తాగి పోయేవాడు. ఆయన పోయాక కూడా మెట్ల మీద కాసేపు తవుడు వాసన ఉండేది. నాకు ఆ రోజుల్లో రూతు తప్ప ఇంకో స్నేహితురాలు లేదు. ఆమెకు చాలామంది ఉండేవారు. ఆ తేడా నాకు అప్పుడే తెలుసు, తెలిసీ తెలియనట్టే ఉండేదాన్ని.

ఒక సెలవుకు ఆమెను మా ఇంటికి తీసుకుపోయాను. అవ్వ ఆమెను పైనుంచి కింది దాకా చూసి, "ఏమోళ్లే పిల్లా మీరు?" అని అడిగింది. నేను ఏదో ఒకటి చెప్పి దాటేద్దామనుకునేలోపే రూతు, "మేం చర్చికి వోతం అవ్వా. మా నాయిన మిల్లుల హమాలీ" అంది. అవ్వ ఇంకేమీ అడగలేదు. చాయ గ్లాసు మాత్రం నా చేతికిచ్చి ఆమెకు ఇమ్మంది. రూతు తీసుకొని తాగింది, తాగి తనే కడిగి బోర్లించింది. తర్వాత బాపు లేనప్పుడు మగ్గం మీద కూర్చుంటానని సరదాపడి, గుంటలో కాళ్లు పెట్టి, కెవ్వుమని ఎగిరి బయటపడింది. "కింద ఎవలో నా కాళ్లు వట్టినట్టైందే!" అంది. అది గుంటలో వేలాడే దారం పోగు. ఇద్దరం నవ్వీ నవ్వీ కూలబడ్డాం. కాసేపటికి రూతు నవ్వు ఆపి, మెల్లగా, "నిజంగ వడ్తే ఎట్లుంటది?" అంది. మా దయ్యం సినిమా అక్కడ పుట్టింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో కాలేజీలో పొట్టి సినిమాల పోటీ పెట్టారు. అందరూ ఉద్యమం మీదో చెరువుల మీదో తీస్తుంటే మేమిద్దరం దయ్యానికి కట్టుబడ్డాం. కథ రూతుదే. అందరూ వదిలేసిన సాలె ఇంట్లో మగ్గం చప్పుడు వినిపిస్తుంటుంది. చూడబోయిన పిల్ల మగ్గం మీద కూర్చుంటే గుంటలోంచి ఎవరో కాళ్లు పట్టుకుంటారు. అంతే కథ. పట్టుకున్నది ఎవరో చూపించకూడదని రూతు పట్టు. "దయ్యం కనవడ్డంక భయమేముంటదే? కనవడేదాకనే భయం" అనేది. పొడుగు నోటుబుక్కులో ఒక్కో షాటుకు ఒక్కో డబ్బా గీసి, కింద చప్పుళ్లు రాసుకునేది. బొమ్మ రాకముందే దాని చప్పుడు రావాలనేది. పిల్ల ఇంకా వాకిట్లో ఉండగానే మగ్గం "టక్ టక్" వినిపించాలి, ఆమె గడప దాటగానే ఆగిపోవాలి. ఆగిన చోట పది లెక్కపెట్టేదాకా ఏ చప్పుడూ ఉండకూడదు. ఈ పనికి పెద్ద పెద్ద పేర్లున్నాయని నాకు తర్వాత తెలిసింది. ఆమెకు అవేవీ తెలియకుండానే వచ్చు. నేను మాత్రం సినిమా సంగతి వదిలేసి దాని పేరు పట్టుకొని కూర్చున్నాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమని అవ్వ ఊరికే అనేది కాదు. ఒక్క షాటూ తీయకముందే "గుంటమగ్గం" అన్న పేరు తెర మీద ఎట్లా రావాలన్నదే నాకు రోజంతా ధ్యాస.

ఎడిటింగుకు ఇమ్రాన్ భాయ్ కొట్టుకు పోయేవాళ్లం. పెండ్లి వీడియోలు మిక్సింగ్ చేసే మనిషి, కాలేజీ పిల్లలని జాలిపడి మధ్యాహ్నాలు తన కంప్యూటర్ ఇచ్చేవాడు. అందులో ఉన్నవన్నీ పెండ్లి హంగులే. ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు పోవాలంటే గులాబీలు రాలాలి, లేదంటే గుండెకాయ బొమ్మ తెరుచుకోవాలి. అక్షరాలన్నీ శుభలేఖ అక్షరాలు. "గిది పెట్టు, బంగారు రంగుల మెరుస్తది" అనేవాడు భాయ్. "దయ్యం సినిమా భాయ్" అంటే, "అయితేంది, దయ్యానికి పెండ్లి కాదా?" అనేవాడు. పైగా ఆ సాఫ్ట్‌వేరులో తెలుగు కొడితే ఒత్తులొక దిక్కు, గుణింతాలొక దిక్కు పోయేవి. నెత్తురు కారుతున్నట్టుండే ఇంగ్లీషు అక్షరాలు ఎన్నో ఉన్నాయి గానీ మన అక్షరానికి భయపెట్టే మొఖం ఒక్కటీ లేదు. అప్పుడు నాకు బాపు గళ్ల కాగితం గుర్తొచ్చింది.

ఇంటికి పోయి, చిలకను గీసినట్టే గడి గడికీ చుక్కలు పెట్టి, "గుంటమగ్గం" అని గీశాను. అంచు గళ్లలో అక్కడొకటి ఇక్కడొకటి చుక్క వదిలేసి, రంగు దూరినట్టు, అక్షరం వణుకుతున్నట్టు చేశాను. సున్నాలు బాగా కుదిరాయి. వాటిలోకి చూస్తే లోపల ఎవరో ఉన్నారనిపించేది. బాపు చూసి తల గోక్కున్నాడు. "నా బతుకంత గీ చెదురుడు పోగొట్టనీకే వాయె, నువ్వు కావాలని చెదరగొడ్తున్నవా?" అన్నాడు. అని కాగితాన్ని దూరంగా పట్టుకొని చూసి, "మంచిగనే ఉన్నది గని, దూరంకెళ్లి చూసెటోనికి చిలుక చిలుకలెక్క కనవడాలె బిడ్డా" అన్నాడు. నేను ఆ మాటను ముసలి మాట కింద జమకట్టేశాను. ఫోటో తీసి, కంప్యూటర్లో తీర్చి, నల్లటి తెర మీద రంగు నెమ్మదిగా ఎక్కుతున్నట్టు అక్షరాలను తేలేలా చేశాను. ఇమ్రాన్ భాయ్ చాయ తాగడం ఆపి చూశాడు. నన్ను ఎవరైనా అట్లా ఆగి చూడటం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే, అప్పటినుంచి నాకు కొంచెం పిచ్చెక్కింది.

సినిమా అయిపోయాక చివర్లో అందరి పేర్లు వేయాలి. ఒకరోజు భాయ్ కొట్టుకు నడుస్తుంటే రూతు, "నా పేరు ఒక్కటి సాదా అక్షరాలల్ల పెట్టవే" అంది. ఎందుకంటే చెప్పింది. వాళ్ల నాయినకు చదువు రాదు. ఆమె పుట్టినప్పుడు వాళ్ల పాస్టరు అయ్యగారు బైబిల్లో రూతు గ్రంథం తెరిచి, ఇదే నీ బిడ్డ పేరని చూపించాడట. అప్పట్నుంచి ఆదివారం ఆరాధనకు పోతే ఆయన ఆ పేజీ వెతుక్కొని, పైనున్న ఆ రెండక్షరాల మీద వేలు పెట్టుకొని కూర్చునేవాడు. అయ్యగారు కీర్తనల గురించి చెప్పినా, యోబు గురించి చెప్పినా ఆయన పేజీ మారేది కాదు. ఆయన లోకంలో చదవగలిగింది ఆ ఒక్క మాటే. "సిన్మ చూడనీకి వస్తనన్నడు. ఆఖరుకు నా పేరు వస్తది, బైబిల్ల ఉన్నట్టే ఉంటది, గుర్తువట్టు నాయినా అని చెప్పిన" అని, ఆ పేజీని ఫోనులో తీసిన ఫోటో చూపించింది. "గిట్లనే ఉండాలె. జర ఐదు సెకండ్లు ఆపు. ఆయనకు వేలు పెట్టుకొని చూసుడు అలవాటు, జల్ది పోతే దొరకది" అంది.

నేను మొదట ఒప్పుకోలేదు. అన్ని పేర్లూ ఒక తీరుగా, మగ్గం చప్పుడుకు ఒక్కోటి పడుతూ పోతుంటే మధ్యలో ఒక్క పేరు బైబిల్ అక్షరాల్లో వస్తే ఎట్లుంటుందని వాదించాను. "పట్టుచీరకు గోనెసంచి అతుకేసినట్టుంటదే" అన్నాను. బస్తాలు మోసేవాడి బిడ్డతో ఆ మాట అన్నానన్నది అప్పుడు నాకు తట్టనే లేదు. ఆమె మొఖం కాస్త చిన్నబోయింది. కాసేపటికి, "కథ నాది, డైరెక్షను నాది. నేనేం అడిగిన? రెండక్షరాలే గదనే" అంది. నాకు సిగ్గేసింది. సరే, పెడతాను అన్నాను. ఒట్టు వేయమంటే నెత్తి మీద చెయ్యి పెట్టి వేశాను కూడా. ఆ రోజే ఆ ఫోటో చూసి సాదా అక్షరాల్లో ఆమె పేరు చేశాను. చెయ్యలేదని ఎవరూ అనకూడదు. కొట్టులో కంప్యూటర్లో అది ఉంది.

పోటీ ముందు రోజు సాయంత్రం రూతు పరీక్ష ఫీజు కట్టడానికి కాలేజీకి పోయింది, నేనొక్కదాన్నే కూర్చొని ఆఖరి కూర్పు చేశాను. పేర్లు వరుసగా పెట్టి చూశాను. టక్, కెమెరా. టక్, పాటలు లేవు గనుక చప్పుళ్లు. టక్, కథ దర్శకత్వం దగ్గరికి రాగానే తెల్లగా, నిటారుగా, బడిపిల్లలా ఆ పేరు నిలబడింది. ఐదు సెకండ్లు అంటే నాకు ఐదేళ్లు అనిపించింది. భాయ్ కూడా, "గిదొక్కటి అతకలేదు" అన్నాడు. నేను అప్పటికే గళ్ల కాగితం మీద ఆమె పేరు నా తీరులో కూడా గీసి పెట్టుకున్నాను. రూ దీర్ఘం తోకను సాగదీసి మెలిపెట్టాను, తు కొమ్మును సగం కరగదీశాను. చూడటానికి ఎంత బాగుండేదో. దాన్ని తెచ్చి పెట్టాను, చప్పుడు లెక్కకు తగ్గట్టు రెండు సెకండ్లకు కుదించాను. చూస్తే ఆమె కూడా మెచ్చుకుంటుందిలే, వాళ్ల నాయినకు పక్కన కూర్చొని చూపిస్తుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆమెకు చెప్పలేదు. చెబితే వద్దంటుందని తెలుసు గనుకే చెప్పలేదు.

ఆయన పొద్దున మొదటి బస్సుకే వచ్చాడు. ఇస్త్రీ మడతలు నిలబడ్డ తెల్ల అంగీ, భుజం మీద కొత్త తువ్వాల. సెమినార్ హాల్లో ముందు వరసలో కూర్చోమంటే, "సార్లు కూసుంటరేమో బిడ్డా" అని రెండో వరసలో చివర కూర్చున్నాడు. రూతు స్టేజీ పక్కన పోటీ సార్ల దగ్గర ఉండాల్సి వచ్చింది. ఆయన పక్కన నేను కూర్చున్నాను. మగ్గం చప్పుడు మొదలవగానే ఆయన తువ్వాల మూతికి అడ్డం పెట్టుకున్నాడు. గుంటలో కాళ్లు లాగినప్పుడు హాలంతా కేక వేసింది, ఆయన "ప్రభువా" అని నా చెయ్యి పట్టుకున్నాడు, పట్టుకున్నది పరాయి పిల్ల చెయ్యని గుర్తొచ్చి వెంటనే వదిలేశాడు. పేర్లు మొదలయ్యాయి. ఆయన ముందుకు వంగాడు. కుడిచేతి వేలు కొంచెం పైకి లేచింది, గాలిలోనే ఆగి ఉంది. టక్, టక్, టక్. ఆమె పేరు వచ్చింది, పోయింది. వేలు అట్లాగే ఉంది. అప్పుడు నేను వంగి, గదే పెదనాయినా అని ఒక్కమాట అనొచ్చు. నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను. తెర నల్లబడింది, లైట్లు వేశారు, చప్పట్లు కొట్టారు. ఆయన వేలు దించి, తువ్వాల మడత పెట్టుకున్నాడు.

మా సినిమాకు బహుమతి రాలేదు. టైటిల్ అక్షరాలకు మాత్రం ప్రత్యేకంగా మెచ్చుకొని నాకొక షీల్డు ఇచ్చారు. దాన్ని పట్టుకొని బయటికి వస్తే మెట్ల దగ్గర తండ్రీబిడ్డలు నిలబడి ఉన్నారు. "ఇంకోటున్నదా బిడ్డా సిన్మ? నీ పేరు దాంట్ల వస్తదా?" అని ఆయన అడుగుతున్నాడు. రూతు నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. "వచ్చింది నాయినా. జల్ది పోయింది, నువ్వు చూడలే" అంది. ఆయన ఒక్క క్షణం ఆమె మొఖంలోకి చూసి, "ఆ, అవునవును. సూసిన, సూసిన. మంచిగున్నది" అన్నాడు. నాతో కూడా, "మంచిగ రాసినవ్ బిడ్డా" అన్నాడు. బస్సు దొరకదని అన్నం తినకుండానే పోయాడు.

రూతు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఏడ్చి కాళ్లు పట్టుకునేదాన్ని. ఆ నెల కాగానే హాస్టల్లో సీటు వచ్చిందని పెట్టె సర్దుకుంది. పోతూ పోతూ గిన్నె నాకే వదిలేసింది. తర్వాత క్లాసులో నోట్సు అడిగితే ఇచ్చేది, పలకరిస్తే పలికేది, అంతే. నేనొక్కదాన్నే ఆ రేకుల కింద వండుకొని తినేదాన్ని. ఎవరి ప్రార్థనో అయ్యేదాకా ఆగాల్సిన పని లేదు, అయినా ముద్ద నోట్లోకి పోయేది కాదు. ఆ పేరు మార్చి మళ్లీ కూర్చడం అరగంట పని. రేపు రేపు అని నెట్టేశాను. ఆయన చూశానన్నాడు కదా అని నన్ను నేను మోసం చేసుకున్నాను. ఆ షీల్డు చూపించే నాకు హైదరాబాదులో మొదటి ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు తెలుగుకు అక్షరాల కొరత లేదు, ఫోనులో వేలు పెడితే వంద తీర్లవి వచ్చి పడతాయి. భయపెట్టేవీ ఉన్నాయి. ఏది వాడాలన్నా పక్కన కూర్చొని వద్దనేవాళ్లు, కావాలనేవాళ్లు నాకు లేరు. చేసింది పంపిస్తే పని ఇచ్చినవాళ్లు బొటనవేలు బొమ్మ పెడతారు, పని అయిపోతుంది.

ప్రార్థన రోజు వాళ్ల వాకిట్లో షామియానా వేశారు. రూతు ఇప్పుడు బడిలో టీచరు, కళ్లద్దాలు వచ్చాయి. నన్ను చూసి, "బక్కగైనవేందే" అంది, అంతే, నిన్న మొన్న విడిపోయినట్టే. పాటలు అయ్యి, పాస్టరు మాట్లాడి, జనం భోజనాలకు లేచాక, నన్ను ఇంటి వెనక బండ మీద కూర్చోబెట్టింది.

"నాయిన పోయినంక అమ్మ ఒక ముచ్చట చెప్పింది" అంది. "సిన్మ చూసిన రోజు ఇంటికొచ్చి అమ్మతోని అన్నడంట. 'బిడ్డ పేరు ఎయ్యలే. మనోళ్ల పేర్లు గట్ల పెద్దగ ఎవలేస్తరు తియ్యి. నేను చిన్నవోతనని వచ్చిందని అబద్ధమాడింది పిల్ల. నేను గూడ సూసిన అన్న. నువ్వు గీ ముచ్చట దానితోని తియ్యకు' అన్నడంట. సచ్చేదాక గదే అనుకున్నడు. నా పేరు అండ్ల లేదనే అనుకున్నడు."

ఇన్నేళ్లూ ఒక ముసలాయనకు నా అక్షరం అర్థం కాలేదనుకున్నాను. ఆయన అర్థం చేసుకున్నది ఇంకొకటి. మా అవ్వ చాయ గ్లాసు ఎవరి చేతికిచ్చిందో ఆయన చూడలేదు, చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఆయనకు లోకం అట్లాగే తెలుసు. నేను నా చేతులారా దాన్ని నిజం చేసి చూపించాను. నోటికి వచ్చింది ఒక్కటే. "ఇయ్యాలనే మారుస్తనే. సినిమా నా దగ్గర ఉన్నది. నీ పేరు సాదాగ పెట్టి…" అన్నాను.

"మారుస్తవు. ఎవలకు చూపెడ్తవు?" అంది రూతు. గొంతులో కోపం లేదు. లోపల్నుంచి వాళ్లమ్మ ఎవరినో అన్నం తినమని బతిమాలుతున్నది వినిపిస్తోంది. రూతు కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది.

"తిట్టనీకి పిల్వలే నిన్ను" అంది. "వారం సంది నేనొక్కదాన్నే మోస్తున్న గీ మాట. నువ్వు గూడ మొయ్యి."